మాత్రతో పాటు కీర్తన

రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు, పొద్దుగూకితే సన్న జ్వరం, ఎంత తిన్నా ఒంటికి పట్టని తిండి. హనుమకొండ పక్క పల్లెల్లో ఈ జబ్బు తెలియనివాళ్లు లేరు, పేరు పైకి అనడానికే అందరికీ జంకు. తెమడ రెండుసార్లు ఇచ్చాను. ఒకటి దవాఖానలో అప్పటికప్పుడు, రెండోది మర్నాడు పొద్దుగాల లేవగానే, నోరు పుక్కిలించి గుండె లోతు నుంచి దగ్గి తీసింది. ఉమ్మి ఇస్తే పనికిరాదు, తెమడే కావాలి. క్రిమి జన్యువును వెతికే నాట్ పరీక్షలో క్షయ (టీబీ) అని తేలింది. ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని కూడా అదే పరీక్ష చెప్పింది. నా బరువు 46 కిలోలు. నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజుకు 3 చొప్పున 8 వారాలు, ఆ తర్వాత మూడు మందులవి 16 వారాలు. మొత్తం 168 రోజులు.

ఆ లెక్క వినగానే బైబిలు తీసి కీర్తనల పేజీలు తిప్పాను. 150 కీర్తనలున్నాయి. అందులో 119వది ఒక్కటే 176 వచనాలు, 8 వచనాలకొక భాగంగా ఆలెఫ్, బేత్ అంటూ హెబ్రీ అక్షరాల పేర్లతో 22 భాగాలు. దాన్ని రోజుకొక భాగం చదివితే మిగిలిన 149తో కలిపి 171 రోజులవుతుంది. మూడు తగ్గాలి. రెండే వచనాలున్న 117ను 118తో కలిపాను. మూడేసి వచనాలున్న 133, 134 ఒక రోజుకు, 130, 131 ఒక రోజుకు సర్దాను. సరిగ్గా 168 వచ్చింది. మందుల కార్డు పక్కన గీతల నోటుబుక్కులో 168 గళ్లు గీసుకున్నాను.

కీర్తనను తేదీకి కట్టలేదు, మాత్రకు కట్టాను. ఇది ముఖ్యం. కరీంనగర్‌లో బంధువుల పెళ్లికి వెళ్తూ మాత్రలు ఇంట్లో మరిచి రెండు రోజులు వేసుకోలేకపోయాను. ఆ రెండు రోజులూ కీర్తన కూడా ముందుకు కదలలేదు. తప్పిన మాత్రలను మర్నాడు కలిపి మింగకూడదు. దవాఖానలో చెప్తే చివర్లో రెండు రోజులు పెంచారు. గడి ఖాళీగా కనబడితేనే మనిషి దవాఖానకు నడుస్తాడు. తేదీలతో చదువుకుంటూ పోయేవాళ్లు తప్పిన రోజును మరిచిపోతారు.

రిఫాంపిసిన్ పరగడుపున బాగా ఒంటికి పడుతుంది. అందుకని మబ్బుల లేచి మాత్రలు వేసుకుని, తినడానికి గంట ఆగేవాణ్ణి. కడుపులో వికారం మొదలయ్యేది సరిగ్గా ఆ గంటలోనే, ప్రార్థనకు కుదిరిన గంట కూడా అదే. కిటికీ తెరిచి, దానికి ఎదురుగా కూర్చునేవాణ్ణి. మొదటి వారాల్లో అదే గదిలో ఇంకెవరూ పడుకోలేదు. వికారం ఆగనివాళ్లు డాక్టర్‌ను అడిగి కొద్దిగా తిన్నాక వేసుకోవచ్చు. మానేయడం కన్నా అది ఎంతో నయం.

చదివే పద్ధతి ఊపిరి నేర్పింది. మొదటి కీర్తనలో నీటికాలువల యోరను నాటిన చెట్టు గురించిన మూడో వచనం ఒక్క గుక్కలో రాలేదు, నాలుగు చోట్ల ఆగాను. కీర్తనలు చాలావరకు జంట పాదాలు. మొదటి పాదం చెప్పి, ఆగి, ఊపిరి నింపుకుని, రెండో పాదం చెప్పాలి. పాత రోజుల నుంచీ క్రైస్తవ మఠాల్లో కీర్తనలు పాడే తీరు ఇదే. ఊపిరితిత్తి బాగులేని మనిషికి ఇది మందులాంటి వెసులుబాటు. గొంతు పెంచకూడదు, పెంచితే దగ్గు తెర వస్తుంది. చదివాక తాకిన మాట ఒక్కటే నోటుబుక్కులో రాసుకుని, దాన్నే ప్రార్థనగా తిప్పి అడగాలి. పెద్ద కీర్తనలతో జాగ్రత్త. 72 వచనాల 78వ కీర్తనను ఒక్కసారే లాగబోయి అలసి రెండు రోజులు విసుగుపడ్డాను. అలాంటివి సగం పొద్దున, సగం రాత్రి.

38వ రోజు వచ్చిన కీర్తనలో స్నేహితులూ బంధువులూ తెగులు చూసి దూరంగా నిలబడ్డారన్న వచనం ఉంది. ఇంట్లో నా గ్లాసు వేరుగా పెట్టారని అప్పటికే మనసు మండుతోంది. చదివి మండిపోయి, తర్వాత ఆలోచించాను. గ్లాసు వల్ల క్షయ అంటదు, గాలి వల్ల అంటుతుంది. వాళ్లది ద్వేషం కాదు, తెలియనితనం. ఆశా అక్కను ఇంటికి పిలిచి అందరికీ చెప్పించాను. ఇంట్లోవాళ్లకూ పరీక్షలయ్యాయి.

56వ రోజు గురించి నెమ్మదిగా చెప్పాలి. 8 వారాలు నిండే రోజది, మళ్లీ తెమడ ఇచ్చే సమయం. ఆ పొద్దున 56వ కీర్తన. ‘నా సంచారములను నీవు లెక్కించియున్నావు’ అంటాడు దావీదు. తన కన్నీళ్లు దేవుని బుడ్డిలో ఉన్నాయనీ, ఆయన కవిలెలో కనబడతాయనీ అంటాడు. కవిలె అంటే లెక్కల పుస్తకం. ఎదురుగా మందుల కార్డు, పక్కన తెమడ డబ్బా. రిఫాంపిసిన్ వల్ల మూత్రమే కాదు, చెమట, కన్నీళ్లు కూడా నారింజ రంగుకు తిరుగుతాయి. ఆ పొద్దున కన్నీళ్లు తుడుచుకున్న తెల్ల తువ్వాలపై లేత నారింజ మరక పడింది. దాన్ని చాలాసేపు చూశాను. ఆయన లెక్కలోకి అవి ఆ రంగుతోనే చేరి ఉంటాయి.

చాలామంది మాత్రలు ఆపేది ఈ మలుపులోనే. దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, గృహ ప్రార్థనలో సాక్ష్యం చెప్పమంటారు. ఒక పెద్దాయన, ‘విశ్వాసముంటే ఇంక మాత్రలెందుకు తమ్మీ’ అన్నాడు. మా చర్చి అయ్యగారు అడ్డుపడి బైబిల్లో రెండో రాజులు 20వ అధ్యాయం తెరిచారు. జబ్బుపడ్డ రాజు హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, అయినా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. అప్పుడు వైద్యం ఇంకా కష్టం. ఉపవాస ప్రార్థన కూడా ఈ ఆరు నెలలూ వద్దని అయ్యగారే చెప్పారు. గుడ్డు, పప్పు, పల్లీలు, మక్క గటక, ఏది దొరికితే అది కడుపు నిండా తిన్నాను.

88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర ఆశాజనకమైన ముక్క ఒక్కటీ లేదు. చాలామంది దాన్ని దాటేసి 91కి పోతారు. దాటకూడదు. నాకప్పుడు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఆ మాత్రల్లోని ఐసోనియాజిడ్ అనే మందు వల్ల అలా అవుతుందని, పైరిడాక్సిన్ (బి6 విటమిన్) మాత్ర ఇచ్చారు. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, కళ్లు పచ్చబడినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ప్రార్థించి చూద్దామని ఆగకూడదు.

126వ రోజు 119లో తేత్ భాగం వచ్చింది. శ్రమనొందడం నాకు మేలాయెను అన్న 71వ వచనం అందులోదే. చూడటానికి వచ్చినవాళ్లు దీన్ని ముందే నాకు చెప్పిపోయారు. అది రోగి తన నోటితో అనుకోవాల్సిన మాట. మంచం పక్కన నిలబడినవాళ్లు అనాల్సింది కాదు. నేను దాన్ని అనగలిగింది ఆ రోజే.

చివరి మాత్రల పొద్దున 150వ కీర్తన. ఆరే వచనాలు. చివరి వచనంలో ‘సకల ప్రాణులు’ అని మనకున్న చోట హెబ్రీలో ‘ఊపిరి యావత్తు’ అనే అర్థం ఉంది. ఆ వచనం మధ్యలో ఎక్కడా ఆగకుండా చదివాను. బరువు 53 కిలోలు. తెమడలో క్రిములు లేవు.

ఇంకా రెండేళ్లు, 6 నెలలకోసారి పరీక్షకు రావాలన్నారు. నోటుబుక్కు చివరి పేజీలో నాలుగు గళ్లు గీసి ఒక్కోదానిలో ఒక్కో కీర్తన సంఖ్య వేసుకున్నాను: 30, 103, 116, 121.