పక్క సంస్థకు చేరని కబురు

మా మేడ మీద నుంచి చూస్తే రేణిగుంటలో దిగబోయే విమానాలు కనిపిస్తాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు మా నాయన నడిపిన జీపు గుర్తుకు వస్తుంది. ఆయన చాలా ఏళ్లు తిరుమల ఘాట్ రోడ్డులో అద్దె జీపు నడిపారు. కొండ దిగేటప్పుడు ఏ మలుపులో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పాయో, అలిపిరి దగ్గర టీ తాగుతూ తోటి జీపు డ్రైవర్లకు పూసగుచ్చినట్టు చెప్పేవారు కానీ, బండి యజమాని చెవిన మాత్రం పడనిచ్చేవారు కాదు. పడితే మరునాడు తాళంచెవి మరొకరి చేతికి వెళ్లిపోతుంది. ఆ కబురు ఆ టీ బంకు దాటి బస్సు డ్రైవర్ల దాకా పోయేది కాదు.

విమానయానంలోనూ ఒకప్పుడు ఇదే పరిస్థితి ఉండేది. 1974 డిసెంబరు 1న అమెరికాలోని డల్లెస్ విమానాశ్రయానికి వస్తున్న టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థ 514 విమానం వర్జీనియాలో మౌంట్ వెదర్ అనే కొండను ఢీకొని, అందులో ఉన్న 92 మందీ మరణించారు. దిగేందుకు అనుమతి వచ్చింది కనుక వెంటనే 1,800 అడుగుల ఎత్తుకు రావచ్చునని పైలట్లు భావించారు. కొండ దాటేదాకా ఆగమని కంట్రోలర్ చెప్పలేదు. ఇంతకంటే నన్ను బాధించిన విషయం మరొకటి ఉంది. ఆరు వారాల ముందే యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అక్కడే, అదే విధంగా పొరబడి, త్రుటిలో బయటపడింది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. టీడబ్ల్యూఏ పైలట్లకు ఆ కబురు అందలేదు.

ఆ తరువాత 1976లో, పైలట్లు తమ పొరపాట్లను తామే రాసి పంపే ఏఎస్‌ఆర్‌ఎస్ అనే నివేదికల వ్యవస్థ అమెరికాలో మొదలైంది. దానికి డబ్బు ఇచ్చేది విమానయానాన్ని నియంత్రించే ఎఫ్‌ఏఏ అయినా, నివేదికలు అందుకునేది మాత్రం శిక్షించే అధికారం ఏదీ లేని నాసా. ఈ ఏర్పాటు ఆలోచించినవారు మా జీపు స్టాండును చూసి ఉంటారేమో అనిపిస్తుంది. పైలట్ పేరు ఉన్న ముక్కను ఫారం నుంచి వేరుచేసి, తేదీ ముద్ర వేసి, అతనికే తిప్పి పంపుతారు. అదే అతని దగ్గర ఉండే రుజువు. కావాలని చేయని, నేరం కాని, ప్రమాదం దాకా పోని పొరపాటును పది రోజుల్లోగా రాసి పంపితే, నిబంధన తప్పినట్టు తేలినా సాధారణంగా జరిమానా గానీ లైసెన్సు సస్పెన్షను గానీ ఉండదు. ఇలా వచ్చిన నివేదికల్లో కొన్నింటిని, 1979 నుంచి, 'కాల్‌బ్యాక్' అనే చిన్న పత్రికలో అన్ని సంస్థల పైలట్లూ చదువుకుంటున్నారు.

మొన్న ఇదంతా నాయనకు వివరించాను. విమానం కొండను ఢీకొన్న భాగాన్ని మౌనంగా విన్నారు. ఆఖరున, "పేరుండే ముక్కను నిజంగానే చించి పంపేస్తారంటావా?" అని అడిగారు. అవునన్నాను. కాసేపాగి, ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక ఒక రాత్రి జరిగిన సంగతి, ఇన్నేళ్లుగా మా అమ్మకు కూడా చెప్పనిది, చెప్పడం మొదలుపెట్టారు.