53వ మనిషి
పిట్స్‌బర్గ్‌కి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకు పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళే దారి తప్ప ఊళ్ళో ఏదీ సరిగ్గా తెలీదు. సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతుంటే తల ఊపేవాణ్ణి. నన్ను ఆ ఆటలోకి లాగింది మాత్రం ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆటగాళ్ళే.

ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ వేసవి క్యాంపు ఊరికి తూర్పున, లాట్రోబ్‌లోని సెయింట్ విన్సెంట్ కాలేజీలో జరుగుతుంది. కోవిడ్ రెండేళ్ళు పక్కనపెడితే 1966 నుంచీ అక్కడే. డబ్బు కట్టక్కర్లేదు, గట్టు మీద గడ్డిలో కూర్చుని చూడొచ్చు. క్యాంపుకి దాదాపు 90 మంది వస్తారు. ఆగస్టు చివరికి 53 మందే మిగలాలి. రక్షణలో రెండో వరసలో నిలబడే లైన్‌బ్యాకర్లకి అందులో ఎనిమిదో తొమ్మిదో చోట్లు. టి.జె. వాట్ లాంటి స్టార్ లైన్‌బ్యాకర్లకి చోటు గురించి టెన్షన్ ఏముంటుంది? కొట్లాటంతా చివరి రెండు చోట్లకే.

రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మా ఆఫీసు పెద్దాయన ఒకరు నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళారు. "బంతిని చూడకు, కిక్ కొట్టాక ఎవరు పరిగెడుతున్నారో చూడు" అన్నారు. కిటుకంతా అందులోనే ఉంది. మ్యాచ్ రోజు బరిలోకి దిగడానికి 48 మందికే అనుమతి. మామూలు ఆటలో చివరి వరసలో ఉన్న లైన్‌బ్యాకర్‌కి ఒక్క అవకాశం కూడా రాకపోవచ్చు. కాబట్టి కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే కిక్), పంట్ (బంతిని అవతలి జట్టుకి దూరంగా తన్నేయడం) సమయాల్లో దిగే స్పెషల్ టీమ్స్‌లో పనికొస్తేనే అతనికి చోటు. అంచుల్లో కాపుకాసే కార్నర్‌బ్యాక్‌ల కంటే బరువు, ముందు వరస భారీకాయుల కంటే వేగం ఉన్న ఒళ్ళు అక్కడ బాగా అక్కరకొస్తుంది. 2024లో కిక్‌ఆఫ్ నిబంధన మార్చాక ఎదురెదురుగా దగ్గర్లో నిలబడి మొదలుపెడుతున్నారు. దూరం నుంచి దూసుకొచ్చి గుద్దుకోవడం తగ్గింది, అడ్డొచ్చినవాణ్ణి చేతులతో వదిలించుకునే నేర్పుకి విలువ పెరిగింది.

అసలు సీజన్‌కి ముందు, లెక్కలోకి రాని ప్రీసీజన్‌లో మూడు మ్యాచ్‌లు. జనం సగం లేచి వెళ్ళిపోయిన నాలుగో క్వార్టరే వీళ్ళకి ఇంటర్వ్యూ. ఆ వీడియో మిగతా 31 జట్లూ చూస్తాయి. జట్టు వదిలేస్తే, నాలుగు సీజన్ల అనుభవం లేనివాళ్ళు వేవర్స్‌లోకి, అంటే మిగతా జట్లు కావాలంటే తీసుకునే జాబితాలోకి వెళ్తారు. 24 గంటల్లో ఎవరూ తీసుకోకపోతే, అదృష్టముంటే ప్రాక్టీస్ స్క్వాడ్, అంటే 53 మంది బయట సాధన చేసే గుంపు. హెచ్‌-1బీ మీద ఉద్యోగం పోతే నాకైనా 60 రోజుల గడువుంది. వీళ్ళకి దేశం వదలాల్సిన పని లేదనుకోండి, అది వేరే సంగతి. "కోచ్ పిలుస్తున్నాడు, ప్లేబుక్ తీసుకురా" అని కబురు మోసుకొచ్చే సిబ్బందిని 'టర్క్' అంటారు. ఆయన ఎదురైతే ఎవరికైనా గుండె జారుతుంది.

ఈ ఊళ్ళో ఇలాంటి కథలన్నిటికీ పెద్దన్న జేమ్స్ హారిసన్. ఆయనా లైన్‌బ్యాకరే. 2002లో డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోలేదు. స్టీలర్స్ పిలిచి, వదిలేసి, మళ్ళీ పిలిచింది. బాల్టిమోర్ తీసుకుని, యూరప్ లీగ్‌లో ఆడటానికి పంపి, అదీ వదిలేసింది. 2004లో స్టీలర్స్ లైన్‌బ్యాకర్ క్లార్క్ హాగన్స్ చేతికి గాయమయ్యాక స్టీలర్స్‌కి మళ్ళీ మనిషి కావాల్సొచ్చింది. ఆ నవంబరులో క్లీవ్‌లాండ్‌లో మ్యాచ్‌కి ముందే గొడవపడినందుకు ఇంకో లైన్‌బ్యాకర్ జోయీ పోర్టర్‌ని బయటికి పంపేయడంతో హారిసన్‌కి మొదటిసారి ఆట మొదటినుంచీ ఆడే అవకాశం దొరికింది. 2008కి లీగ్‌లో ఉత్తమ రక్షణ ఆటగాడు. ఆ సీజన్ ఫైనలైన సూపర్ బౌల్‌లో అవతలి జట్టు విసిరిన బంతి అందుకుని 100 గజాలు పరిగెత్తాడు. ప్రతిభ ఉన్నా, ఒకరి చెయ్యి, ఇంకొకరి కోపం కలిసొస్తే గానీ తలుపు తెరుచుకోలేదన్నదే నాకు ఆసక్తికరం.

ఏటా ఆగస్టులో మా పెద్దాయన ఎవరో ఒక పెద్ద నంబరు జెర్సీ చూపించి "ఇంకో హారిసన్" అంటారు. ఇంతవరకూ ఒక్కరూ కాలేదు. అయినా ఆయన మానరు, నేనూ ఆ నంబరు రాసుకోవడం మానను.