పర్లాకిమిడి బస్సులో

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కేసరికే చిరాకుగా ఉంది. మిట్టమధ్యాహ్నం, జరగని కిటికీ అద్దం, దానికి తోడు పెరిగిన టికెట్టు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు చూద్దామని బయల్దేరానుగాని, నరసన్నపేట వచ్చేసరికే ఆ సరదా తీరిపోయింది.

అక్కడ ఒకామె ఎనిమిదేళ్ల బాబుతో మెట్ల దగ్గర ఆగింది. సంచిలోంచి బస్సు సీటులాంటి చిన్న రెక్సిన్ ముక్క తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని తడిమి, వాసన చూసి, అప్పుడు ఎక్కాడు. వెనకాల జనం ఒకటే తోపులాట. వచ్చి నా పక్కనే కూర్చున్నారు.

చల్లవానిపేట దాటాక వెనక సీటు పెద్దాయన ముద్దొచ్చి బాబు బుగ్గ గిల్లాడు. వాడు ఉలిక్కిపడి కేక పెట్టాడు, ముందు సీటు రాడ్డుకి తల ఠంగున తగిలింది.

"ఆడికి పుట్టుకతోనే కళ్లు కనపడవు, చెవులు వినపడవు బాబూ. ముందు భుజం మీద చెయ్యి ఆన్చి కాసేపు ఉంచాల. మనిషొచ్చాడని తెలిసాక ఏదైనా," అందామె. కోపంగా కాదు, రోజూ చెప్పే మాటలాగే చెప్పింది.

పెద్దాయన ఊరుకోలేదు. హెలెన్ కెల్లర్ కథ ఎత్తుకుని, వీడూ అంతవాడవుతాడని తేల్చేశాడు. ఇలా తేల్చేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. హెలెన్‌కి జబ్బు చేసి చూపూ వినికిడీ పోయింది 19 నెలల వయసులో. అప్పటికే మాటలు విన్నది, వెలుగు చూసింది. 1887లో టీచరు యాన్ సల్లివన్ ఆ పిల్ల చేతి మీద నీళ్లు కొట్టి అరచేతిలో అక్షరాలు రాసినప్పుడు, అడుగున పాత మాట ఎక్కడో మిగిలే ఉంది. పుట్టుకతోనే ఇలా ఉన్న పిల్లలకి ఆ పాతదేదీ ఉండదు. వస్తువులకి పేర్లుంటాయన్న సంగతే మొదట్నుంచి తెలియాలి.

ఈమెకి కడుపుతో మూడో నెలలో జ్వరం, దద్దుర్లు వచ్చాయట. అది రుబెల్లా అనీ, దానివల్లే బాబుకిలా అయిందనీ తర్వాత చెప్పారట. మన దేశంలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం 2017లో మొదలై ఒక్కో రాష్ట్రానికీ వచ్చింది. ఈమె చిన్నప్పుడు అదెక్కడుంది!

దారంతా నేను వాళ్ల చేతులే చూశాను. ఆమె వాడి చెయ్యి పట్టుకుని లాగదు. తన చెయ్యి కింద పెడుతుంది, వాడి చెయ్యి పైన ఉంటుంది. సంచి జిప్పు తీసినా, జంతికలు వెతికినా వాడి వేళ్లు ఆమె వేళ్ల మీద ప్రయాణం చేస్తాయి. ఇష్టం లేకపోతే తీసేసుకుంటాడు. వాడికి చూపూ వినికిడీ ఆ చేతులే కదా, వాటిని పట్టి బిగిస్తే మనకి కళ్లు మూసినట్టే. బరంపురంలో ఒక టీచరమ్మ నేర్పారట. గాజులు తడిమితే అమ్మ, మీసం తగిలితే నాన్న. నా వాచీ అందించాను. బెల్టు పొడుగునా తడిమి ముల్లు దగ్గర ఆగాడు. ఆమె వాడి మణికట్టు చుట్టూ రెండు వేళ్లతో గీసింది. ఆ పూటకి అదే నా పేరు.

"మొదట ఏది నేర్చుకున్నాడమ్మా?" అన్నాను.

"గ్లాసు అన్నయ్యా. నీళ్లిచ్చే ముందు ప్రతిసారీ ఖాళీ గ్లాసు చేతిలో పెట్టేదాన్ని. ఏడాది పైనే పెట్టుంటాను, ఇసిరేసేవోడు. ఒకరోజు ఆడే గ్లాసు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఈదిలోకెళ్లి అందరికీ చెప్పాను. పిల్లోడు నీళ్లడిగితే ఏటి గొప్ప అన్నట్టు చూసారు. అప్పుడాడికి నాలుగేళ్లే!"

గిడుగు పంతులుగారు కొండజాతి సవరల భాష కోసం కొండల్లో తిరిగి, మలేరియాకి క్వినైన్ మింగి, వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు పోయాక కూడా నిఘంటువు పని మానలేదు. పాతపట్నం వచ్చేదాకా అదే ఆలోచన.

కోట చూశాను, ఫొటోలు తీశాను, అవి ఎవరైనా రాస్తారు. పర్లాకిమిడిలో దిగగానే ఆటోవాడు లాడ్జికి వంద అడిగాడు. ఆమె ఒడియాలో నాలుగు తగిలించి నలభైకి దించింది. లాడ్జి కౌంటరు దగ్గర ఆమె లేదు, అడిగినంతా ఇచ్చాను.