కండల కోసం కాదు డాక్టరు గారూ

నాకు టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని జబ్బు. ఇంటర్ అయిపోయిన వేసవిలో బయటపడింది. ఆగని దాహం, ఒళ్లు సగమైపోవడం, వాంతులు, కీటోన్లు పెరిగి ఐసీయూ, ఇవన్నీ ఈ జబ్బున్న చాలామందికి తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. ఇన్సులిన్ మొదలుపెట్టాక బతికాను, కోలుకున్నాక మళ్లీ బరువులెత్తాను. మాది విజయనగరం వైపు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి గారు కాంస్యం తెచ్చాక మా వైపు ఆడపిల్ల వెయిట్‌లిఫ్టింగ్ చేస్తానంటే ఎవరూ వింతగా చూడరు.

నేను చెప్పాలనుకున్నది ఒక రాత్రి గురించి, ఆ తెల్లారి ఒకాయన అన్న మాట గురించి.

క్యాంపులో ఉన్నాం. రెండు పూటలా గట్టి ప్రాక్టీసు. బాగా కష్టపడిన కండరం ఆ తర్వాత కూడా గంటల తరబడి రక్తంలోని చక్కెరను లాక్కుంటూనే ఉంటుందని, దానికి ఇన్సులిన్ కూడా తోడైతే నిద్రలో షుగర్ పడిపోవచ్చని అప్పటికి నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. రోజూ వేసుకునే డోసే వేసుకున్నాను, కడుపునిండా తిన్నాను, పడుకున్నాను.

అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. దుప్పటి చెమటతో తడిసిపోయింది, గుండె దడదడ. సంచిలో గ్లూకోజ్ ఉందని తెలుసు, సంచి ఎదురుగానే కనిపిస్తోంది, చెయ్యి మాత్రం లేవడం లేదు. పక్క మంచం మీద పిల్లను పిలుద్దామంటే దాని పేరు గుర్తు రాలేదు. రోజూ నాతో తిని, నాతో నవ్వే పిల్ల పేరు! ఇప్పటికీ నన్ను వణికించేది అదే. తర్వాత ఫిట్స్ వచ్చాయట, నాకు తెలియదు. "ఏటైంది అక్కా" అంటూ లేచిన ఆ పిల్ల అంత కంగారులోనూ నా నోట్లో ఏమీ పొయ్యలేదు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టింది, నా మీటరుతోనే వేలు గుచ్చి చూసింది. షుగర్ 31కి పడిపోయింది. వార్డెన్‌ని లేపి, ఆటో మాట్లాడి, నన్ను ఆసుపత్రికి చేర్చింది. దాని రుణం నేనెప్పటికీ తీర్చుకోలేను.

డ్యూటీ డాక్టరు గారు క్షణం ఆలస్యం చేయకుండా నరంలోకి డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, ఎక్కించారు. కాసేపటికే కళ్లు తెరిచాను. ఆయన చేతి చలవే అది, కాదనను. కానీ ఆ తర్వాత నా భుజాలు చూశారు, సంచిలో ఇన్సులిన్ పెన్ చూశారు, మొదటి బస్సు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మా అమ్మతో "మీ అమ్మాయి కండల కోసం ఇన్సులిన్ పొడుచుకుంటోందమ్మా, ఈ స్పోర్ట్స్ వాళ్లంతా ఇంతే" అన్నారు. "నా పిల్లకి షుగర్ ఉంది బాబూ" అంటే "అందరూ అలాగే చెప్తారు" అని వెళ్లిపోయారు. నా పాత రిపోర్టులు ఆ సంచిలోనే ఉన్నాయి, తెరిచి చూస్తే సరిపోయేది. ఆ మాట వార్డు నుంచి క్యాంపుకి, క్యాంపు నుంచి మా ఊరికి చేరింది. కండల కోసం ఇంజెక్షన్లు పొడుచుకుని బరువులెత్తుతోందట అన్నారు. అమ్మ కొన్నాళ్లు నీళ్ల కుళాయి దగ్గరికి కూడా వెళ్లలేదు.

నిజంగానే కొందరు అలా వాడతారని తెలిశాక నాకు ఇంకా మండింది. ఇన్సులిన్ చక్కెరనూ అమైనో ఆమ్లాలనూ కండరంలోకి పంపుతుంది, ఉన్న కండ కరగకుండా చూస్తుంది, అందుకని స్టెరాయిడ్లు, గ్రోత్ హార్మోన్‌తో పాటు దీన్నీ పొడుచుకుంటారు. షుగర్ లేని క్రీడాకారులకు ఒలింపిక్ కమిటీ 1998లోనే దీన్ని నిషేధించింది. ఇప్పుడు వాడా, అంటే ఆటల్లో డోపింగ్‌ను అడ్డుకునే ప్రపంచ సంస్థ, జాబితాలో పోటీలు ఉన్నా లేకున్నా నిషేధమే. నాలాంటి వాళ్లం రిపోర్టులన్నీ పెట్టి టీయూఈ, అంటే వైద్యం కోసం మినహాయింపు, తెచ్చుకోవాలి. ఆ సిడ్నీలోనే ఇన్సులిన్ తీసుకుంటూ స్టీవ్ రెడ్‌గ్రేవ్ రోయింగ్‌లో వరుసగా అయిదో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు, గ్యారీ హాల్ జూనియర్ ఈతలో స్వర్ణం గెలిచాడు. వాళ్లూ కండల కోసం పొడుచుకున్నట్టేనా?

ఈమధ్య జిమ్‌లో ఒక కుర్రాడు "అక్కా, ఒక పెన్ ఇప్పించవా, డబ్బులిస్తాను" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది, మళ్లీ వాడి వయసు చూసి జాలేసింది. కూర్చోబెట్టి చెప్పాను. నా ఒంట్లో అది తయారు కాదు కాబట్టి బయట నుంచి వేసుకుంటున్నాను, నీ ఒంట్లో కావలసినంత ఉందిరా అన్నాను. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు, పెన్ కార్ట్రిడ్జ్‌లో 100. పెన్‌లోది 40 సిరంజితో లాగితే అనుకున్నదానికి రెండున్నర రెట్లు లోపలికి పోతుంది, రూంలో ఒంటరిగా పడుకుంటే నిన్ను లేపేదెవరు అని అడిగాను. సమాధానం చెప్పలేదు. మళ్లీ మాత్రం అడగలేదు.

షుగర్ ఉండి ఆటలాడే పిల్లలూ, గట్టి ప్రాక్టీసు చేసిన రోజు డోసు ఎంత తగ్గించాలో మీ డాక్టరుని ముందే అడగండి. పడుకునే ముందు చూసుకోండి. పక్కవాళ్లకి చెప్పి ఉంచండి, సిగ్గుపడకండి. అమ్మ మాత్రం నన్ను కాపాడింది పైడితల్లమ్మే అంటుంది, సిరిమానోత్సవానికి వెళ్లి మొక్కు తీర్చుకుంది. నేనూ వెళ్లి దండం పెట్టుకున్నాను.

డాక్టరు గారూ, నా ప్రాణం నిలబెట్టారు, మీకూ దండమే. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోండి. నా దగ్గర కాదు, మా అమ్మ దగ్గర.