క్యూసెక్కు అంటే ఎన్ని బకెట్లు?

ఆగస్టు వచ్చిందంటే విజయవాడలో నది ఒడ్డున ఉన్న మా కృష్ణలంకలో పొద్దున్నే పేపర్లో ముందు చూసేది ప్రకాశం బ్యారేజీ లెక్కలే. ఇన్‌ఫ్లో ఎంత, ఔట్‌ఫ్లో ఎంత, ఎన్ని గేట్లు ఎత్తారు. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఈ రెండు అంకెలూ మా వీధిలో పెద్దవాళ్లకు నోటికి వచ్చు. ఒక్క క్యూసెక్కు అంటే ఎన్ని నీళ్లో చెప్పమంటే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి అదే అడిగాడు. వాడికి నిర్వచనం చెప్పి వదిలెయ్యబుద్ధి కాలేదు. బాత్రూంలోంచి బకెట్ తెమ్మన్నాను.

నేను వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో అకౌంట్స్ రాస్తాను. రోజంతా తానులు, మీటర్లు, బిల్లులే. ఏ అంకె కనబడినా అది దేని లెక్కో తేలేదాకా నాకు తోచదు. పిల్లలకు కూడా ఆ పట్టుదల రావాలని నా కోరిక.

మా బకెట్ 15 లీటర్లది. కుళాయి బాగా వచ్చే టైములో కూడా అది నిండడానికి నిమిషం పట్టింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. మా బకెట్‌తో చూస్తే సెకనుకు దాదాపు రెండు బకెట్లు. "అంటే ఒక్క క్యూసెక్కు రావాలంటే మన కుళాయిలు నూటపైన తిప్పాలి కదమ్మా" అన్నాడు వాడు. వాడంతట వాడే వేసుకున్న లెక్క. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

అక్కడి నుంచి 2024 సెప్టెంబరు 2కి వెళ్లాం. ఆ రోజు బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు వరదను కూడా మించిపోయింది. సెకనుకు 3.2 కోట్ల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లయితే సెకనుకు మూడు వేలకు పైగా. మా రిటైనింగ్ వాల్ అవతల పోయిన నీళ్లు అవి. ఆ రాత్రి టెన్షన్‌తో వీధిలో ఎవరూ నిద్రపోలేదు.

వరద తగ్గాక అందరి నోటా ఒకటే మాట, "బ్యారేజీలో నీళ్లు ముందే ఖాళీ చేసి పెట్టుకుంటే ఆపేవాళ్లు కదా" అని. కోపంగా అనేవాళ్లు, తెలిసినట్టు అనేవాళ్లు. అది నిజమో కాదో కాగితం మీద తేల్చుకోవచ్చు, గట్టిగా పది నిమిషాల పని. రోజుకు 86,400 సెకన్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వంద కోట్లను 86,400తో భాగిస్తే 11,574. అంటే 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే పేపర్లో వచ్చే ఏ వరద వార్తనైనా మనమే విప్పుకోవచ్చు. 11.43 లక్షలను దీంతో భాగిస్తే దాదాపు 99. వరద అదే జోరుతో రోజంతా ఉంటే 99 టీఎంసీలన్నమాట. బ్యారేజీలో నిలిచేది 3.07 టీఎంసీలు. మావాడు రెండుసార్లు సరిచూసుకుని చెప్పాడు, అడుగంటా ఖాళీ చేసి పెట్టినా ముప్పావు గంటలో నిండిపోతుందని. ముప్పావు గంటే!

అసలు బ్యారేజీని వరద ఆపడానికి కట్టలేదు. కాలువల్లోకి నీళ్లు ఎక్కాలంటే నదిలో మట్టం పెరగాలి, అందుకు కట్టారు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట పనీ అదే. అది 1952లో తెగిపోతే, 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. పైన ఉన్న పులిచింతలకైతే 45.77 టీఎంసీలు పడతాయి. ఆ వరదకు అది కూడా పదకొండు గంటల్లో నిండిపోతుంది. పులిచింతలకు డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని పేరు పెట్టారు. విజయవాడ ఎంపీగా, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేసిన ఇంజనీరు ఆయన, పుట్టింది కంకిపాడులో. మా పుట్టిల్లు ఆ పక్క ఊరే కాబట్టి ఆ పేరు చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది.

అదే వరదల్లో మా ఊళ్లో సింగ్‌నగర్ మునిగింది కృష్ణ పొంగి కాదు, బుడమేరు అనే వాగుకు గండ్లు పడి. దాని వరదను మళ్లించే కాలువ బ్యారేజీకి ఎగువన కృష్ణలోనే కలుస్తుంది. కృష్ణలో మట్టం ఎత్తుగా ఉన్నప్పుడు ఆ నీళ్లు నదిలోకి సరిగా దిగవు. ఇది చెబితే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

మా మామగారు కాలువల మీద లస్కరుగా, అంటే గట్లూ షట్టర్లూ చూసుకునే పనిలో చేసి రిటైరయ్యారు. ఆయన చదివింది ఐదో తరగతి. కానీ నీళ్ల లెక్కలో మా ఇంట్లో ఆయనే పెద్ద. దసరా సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మనవణ్ని పంట కాలువ దగ్గరికి తీసుకెళ్లి, "క్యూసెక్కులు కొలుద్దాం రారా" అన్నారు. గట్టు మీద అరవై అడుగులు టేపుతో కొలిచి రెండు పుల్లలు పాతారు. కొబ్బరి మట్ట ముక్కను పై పుల్ల కంటే కాస్త ముందే నడిమధ్యలో వేయించారు. అది ఒక పుల్ల నుంచి రెండో పుల్లకు చేరడానికి నలభై సెకన్లు పట్టింది. అంటే సెకనుకు అడుగున్నర. కాలువ వెడల్పు పదడుగులు, లోతు రెండడుగులు, కాబట్టి ఇరవై చదరపు అడుగులు. గుణిస్తే ముప్పై క్యూసెక్కులు. మావాడు గంతులేశాడు.

"ఆగరా, పైన పారినంత జోరుగా అడుగున పారవు" అన్నారు ఆయన. అడుగున మట్టి, పక్కన గట్టు నీళ్లను పట్టి లాగుతాయి. అందుకే పైన తేలేదాని వేగంలో నూటికి ఎనభై ఐదు వంతులే లెక్కకు తీసుకుంటారు. అలా చూస్తే పాతిక పైచిలుకు. కాలువలో నీటిమట్టం (గేజీ) రాసే రోజుల్లో ఇంజనీరుగారి పక్కన నిలబడి నేర్చుకున్నారట. ఘర్షణ పాఠం మావాడి సైన్సు పుస్తకంలోనూ ఉంది, పరీక్షకు బట్టీ పట్టాడు కూడా. అది వాడికి ఒంటపట్టింది ఆ గట్టు మీదే అని నా నమ్మకం. పిల్లలతో ఇది చేసేవాళ్లకు ఒక్క మాట: చిన్న పంట కాలువ దగ్గరే చేయండి, పెద్దవాళ్లు పక్కనుండాలి, వరద రోజుల్లో వద్దే వద్దు.

కాలువ దాకా వెళ్లలేకపోతే డాబా చాలు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. వంద గజాల డాబా అంటే 83 చదరపు మీటర్ల పైన. పది సెంటీమీటర్ల వాన పడిందంటే ఎనిమిది వేల లీటర్లకు పైగా నీళ్లు మన గొట్టంలోంచి వీధి కాల్వలోకి పోతాయి. వీధిలో ఇళ్లు లెక్కపెట్టి గుణించుకుంటే మోకాలి లోతు నీళ్లు ఎక్కడివో తెలుస్తుంది. ఇంకుడు గుంత గురించి మా ఓనరుగారితో మావాడు ఈ లెక్క చూపించే మాట్లాడాడు. తవ్విద్దామన్నారాయన.

ఈమధ్య వాడి కన్ను నాగార్జునసాగర్ మీద పడింది. పాత పుస్తకంలో దాని సామర్థ్యం 408 టీఎంసీలని, పేపర్లో 312 అని ఉంది. ఏది తప్పు అని తాతయ్యను అడిగాడు. రెండూ ఒప్పేనన్నారు ఆయన, పైనుంచి ఏటా వచ్చే ఒండ్రు అడుగున పేరుకుంటూ వచ్చిందని. వాడు వెంటనే పెన్సిల్ తీసి, తగ్గిన 96ను 3.07తో భాగించాడు. ముప్పై ఒక్క ప్రకాశం బ్యారేజీలకు సరిపడా జాగా!