ట్రక్కు, తాతగారు, రాత్రి కరెంటు

హ్యూస్టన్ పక్కన కేటీలో మా వీధి మొత్తానికి పికప్ ట్రక్కు లేని ఇల్లు మాదొక్కటేనని మావాడికి చిన్నప్పటి నుంచీ బెంగ. ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పెరిగాడు. హైస్కూలు పార్కింగులో సగం ట్రక్కులే. "మనం టెక్సన్స్ కాదా అమ్మా?" అని నిలదీసేవాడు. కంప్యూటర్ల ముందు కూర్చుని బతికే ఇంట్లో వెనక తొట్టి ఉన్న బండి దేనికి, కాస్ట్‌కోలో కొన్న బియ్యం బస్తా మోయడానికా అని నా వాదన. కరెంటుదైతే కొందామని మావారు మధ్యే మార్గం చెప్పారు. 2024 ఉగాది వెళ్లాక సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ వచ్చింది. పొడవు 19 అడుగుల పైచిలుకు. గరాజులో పెడితే తలుపు పడదు, కాబట్టి ఎప్పుడూ వాకిట్లోనే.

అప్పటికి మా మామగారు సత్తెనపల్లి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆయన మిరప రైతు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఎన్ని టిక్కీలు పడతాయిరా?" అని మనవణ్ణి అడిగారు. వాడికి టిక్కీ అంటే ఆలూ టిక్కీయే. మిర్చి యార్డుకి తోలే బస్తా అనీ, సుమారు 45 కిలోలు తూగుతుందనీ చెప్పించుకున్నాడు. డ్రైవరు తలుపు పక్కన ఎంత బరువు మోస్తుందో స్టిక్కరు అంటించి ఉంటుంది. మాదాని మీద 1,750 పౌండ్లు. కిలోల్లోకి మార్చి, భాగించి, "పదిహేడు తాతయ్యా" అన్నాడు. స్టిక్కరు మళ్లీ చదివి నాలిక కరుచుకున్నాడు. ఆ బరువులో మనుషులు కూడా కలిసే ఉంటారు. మేం నలుగురం ఎక్కితే మిగిలేది పదకొండు టిక్కీలకి. "పదకొండింటికి ఇంత బండా! మా ఊరి ట్రాలీ ఆటో నయం" అని మామగారు పగలబడి నవ్వారు. మావాడికి పౌరుషం వచ్చి టార్కు (చక్రాల్ని తిప్పే బలం) లెక్కలు ఎత్తుకున్నాడు. ఆయనా వదల్లేదు, తన ట్రాక్టరు సంగతులు తీశారు. వీడియో కాల్లో "బాగున్నారా, తిన్నారా" దాటని వాళ్లిద్దరూ మొదటిసారి అంతసేపు మాట్లాడుకున్నది అప్పుడే.

అసలు కథ చార్జింగుది. టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు ఎవరి దగ్గర కొనుక్కోవాలో మనమే ఎంచుకోవచ్చు. మేం తీసుకున్న ప్లానులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఉచితం, పగటి రేటు మాత్రం వాయిస్తారు. బట్టలు, గిన్నెలు, ట్రక్కు, అన్నీ తొమ్మిది దాటాకే. (ఊరికే వస్తుందంటే ఎవరికి ఆశ ఉండదు!) 131 యూనిట్ల బ్యాటరీ, రాత్రంతా పెడితే ముప్పాతిక దాకా నిండుతుంది. ఈ ఏర్పాటు వినగానే మామగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఇక్కడా ఉచిత కరెంటేనా! అదీ రాత్రి పూటేనా!"

2004లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చాక కూడా ఆ కరెంటు వచ్చేది చాలావరకు అర్ధరాత్రే. టార్చిలైటు, కర్ర పట్టుకుని మోటారు దగ్గరికి వెళ్లడం, పాములు, ఆ తర్వాత పెట్టించిన, కరెంటు రాగానే మోటారుని దానంతటదే తిప్పే ఆటో స్టార్టరు, అన్నీ చెప్పుకొచ్చారు. మావాడు ఫోన్లో యాప్ తెరిచి, టైము పెడితే చార్జింగు దానంతటదే మొదలవుతుందని చూపించాడు. "ఇదీ ఆటో స్టార్టరేగా!" అన్నారాయన. ఆగి, ఇంకో మాట అడిగారు. "అందరూ తొమ్మిదింటికే పెడితే ట్రాన్స్‌ఫార్మరు కాలదూ? మా పొలాల్లో కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. అందుకే స్టార్టర్లు తీసెయ్యమని లైన్‌మన్లు మొత్తుకునేవాళ్లు."

మావాడి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి వెతికి చూస్తే, కార్లన్నీ ఒకే వేళకి చార్జింగుకి ఎక్కితే వీధి ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం పడుతుందని ఇక్కడి ఇంజినీర్లు కూడా రాస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే టైము పదకొండుకి మార్చాడు. తాతయ్య ఏం చదివారని అడిగాడు నన్ను. ఐదో తరగతి అన్నాను.

జూలై 8న బెరిల్ తుపాను వచ్చింది. హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, మాదీ పోయింది. ట్రక్కు తొట్టిలోనూ, ముందు డిక్కీలోనూ ప్లగ్గులున్నాయి. అన్నీ కలిపి 9.6 కిలోవాట్ల దాకా ఇస్తాయి. ఇల్లంతటికీ ఇవ్వాలంటే వేరే సామగ్రి బిగించాలి, అది మేం పెట్టించుకోలేదు. కాబట్టి ఏసీ లేదు. ఎక్స్‌టెన్షన్ వైర్లు లాగి ఫ్రిజ్, ఫ్యాన్లు, నా ఇడ్లీ పిండీ కాపాడుకున్నాం. మా బండిని బొమ్మ ట్రక్కని ఎగతాళి చేసే పక్కింటాయన తన వైరు తెచ్చుకున్నాడు, ఫ్రీజరు నిండా జింక మాంసమట. మావాడు ఛాతీ విరుచుకుని ప్లగ్గు పెట్టాడు. మామగారు క్యాబులో ఏసీ వేసుకుని హాయిగా పడుకున్నారు. ఇంజను చప్పుడు లేదు, బ్యాటరీ పెద్దగా తరిగిందీ లేదు.

దూర ప్రయాణాల్లో అంత సుఖం లేదు. ఫోర్డు చెప్పే 320 మైళ్లు హైవే వేగంలో రావు. డల్లస్ వెళ్లాలంటే ఒకచోట ఆగాల్సిందే. టెస్లా చార్జింగు స్టేషన్లో మాకు తీగ అందక రెండు స్థలాలు ఆక్రమిస్తే నాకు సిగ్గేసి తల దించుకుంటాను. మావాడికి అదేం పట్టదు, పులిహోర డబ్బా తెరిచేస్తాడు.

ఇప్పుడు మావాడికి పదహారు నిండి లైసెన్సు వచ్చింది, ట్రక్కు కావాలట. మూడు టన్నుల బండి, 580 హార్సుపవరు. నేను ససేమిరా అన్నాను. "తాతయ్య పన్నెండేళ్లకే ట్రాక్టరు నడిపారు" అని సాక్షిని ఫోన్లో పిలిచాడు. "ట్రాక్టరు గంటకి ముప్ఫై కిలోమీటర్లు దాటదురా. మీ అమ్మ మాట విను" అని సాక్షి అడ్డం తిరిగాడు. ట్రక్కు తాళం ఇంకా మావారి జేబులోనే ఉంది.