మోడర్న్ నుంచి పాపర్‌కి: నాలుగు నెలల జమాఖర్చు

ముందే చెప్తున్నా, టైటిల్ చూసి ఐపీ పెట్టాననుకోకండి. ఇంగ్లీషులో పాపర్ అంటే నిరుపేద, కానీ ఇక్కడ అది మ్యాజిక్ ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఒక ఫార్మాట్ (ఏ కార్డులు వాడొచ్చో చెప్పే పద్ధతి), ఎప్పుడో ఒకసారైనా కామన్‌గా, అంటే ప్యాకుల్లో తేలిగ్గా దొరికే రకంగా, ప్రింటయిన కార్డులతోనే ఆడాలి. 2019లో దీన్ని అధికారికం చేశారు. నేనుండేది డాలస్ దగ్గర ప్లేనోలో, ఇక్కడ ఒక షాపులో ప్రతి మంగళవారం ఆడతారు.

జనవరి 2025. అంతకుముందు మోడర్న్ అనే ఇంకో ఫార్మాట్‌లో ట్రాన్ అనే డెక్ (కార్డుల కట్ట) ఆడేవాణ్ణి. దానికి వన్ రింగ్ అనే కార్డు నాలుగు కాపీలు కావాల్సి వచ్చేది. అది 2023 జూన్‌లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సెట్‌లో మిథిక్ (అన్నిటికంటే అరుదైన రకం) కార్డు, ఆ సెట్‌లో మిథిక్‌లు 20, ఏడు ప్యాకులకి ఒక మిథిక్ చొప్పున వేసుకున్నా ఒక్క రింగ్ కోసం సగటున 140 ప్యాకులు చింపాలి. అందుకే ఎవరూ చింపరు, విడిగా కొంటారు, అప్పట్లో అందరూ కొనేది అదే కాబట్టి ధర అలా ఎక్కుతూనే ఉండేది. ఏడాదిపాటు విడతలవారీగా నాలుగు కొన్నాను, 300 డాలర్లు దాటింది. మా ఆవిడ "ఈ కాగితం ముక్కకి ఎనభై డాలర్లా అండీ" అని అడిగితే, "అమ్మితే తిరిగొస్తాయిలే" అన్నాను. 2024 డిసెంబర్ 16న మోడర్న్‌లో ఆ కార్డుని బ్యాన్ చేశారు. నాలుగూ అమ్మితే 150 చేతికొచ్చింది. కమాండర్ అనే మరో ఫార్మాట్‌లో దాన్ని ఇంకా ఆడతారు కాబట్టి ఆ మాత్రమైనా వచ్చింది. ఈ 150తోనే ఏప్రిల్ దాకా ఆడాలి, జేబులోంచి ఒక్క డాలర్ తీయకూడదు అని అప్పుడే అనుకున్నాను.

ఫిబ్రవరి. పాపర్ కోసం ఎంచుకున్న డెక్ మోనో బ్లూ టెర్రర్ (నీలం రంగు కార్డులది). దాని ముఖ్యమైన కార్డు టోలేరియన్ టెర్రర్‌కి ఏడు మానా (కార్డు ఆడటానికి కట్టే శక్తి) కావాలి, కానీ మన గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల కుప్పలో) ఉన్న ఒక్కో ఇన్‌స్టంట్‌కీ సోర్సరీకీ (ఒకసారి వాడి పడేసే మంత్రం కార్డులకి) ఒక్కో మానా తగ్గుతుంది, కాబట్టి బ్రెయిన్‌స్టార్మ్, పాండర్, థాట్ స్కవర్, మెంటల్ నోట్ లాంటి చిన్న కార్డులు వరసగా ఆడేస్తే ఒకటి రెండు మానాలకే 5/5 (దాడి 5, తట్టుకునే బలం 5) జీవి దిగుతుంది. కొనకముందు రెండు వారాలు మామూలు పేపర్ మీద ప్రింట్ తీసి, పాత ఐలాండ్‌ల (మానా ఇచ్చే మామూలు ల్యాండ్ కార్డుల) ముందు స్లీవ్‌లో (కార్డు తొడుగులో) దోపి ఫ్రెండ్స్‌తో ఆడి చూశాను. అధికారిక టోర్నమెంట్లలో ఇలాంటివి చెల్లవు, ఇంట్లో అడిగేవాళ్ళెవరూ లేరు. ఈ పని ట్రాన్‌కి ముందే చేసుంటే బాగుండేది.

కొనేటప్పుడు ఒక పొరపాటు చేశాను. ప్రతి కార్డుకీ అన్నిటికంటే తక్కువ ధర చూసి 14 మంది సెల్లర్ల దగ్గర కార్ట్ నింపాను. కార్డులు 38 డాలర్లు, షిప్పింగ్ 17! అంతా తీసేసి, ముగ్గురి దగ్గరే దొరికేలా మళ్ళీ నింపితే కార్డులు 52, షిప్పింగ్ 9 అయింది. మొత్తం 61 అంటే నిజానికి మొదటి కార్ట్ కన్నా ఎక్కువే, కానీ రెండో కార్ట్‌లో 15 కార్డుల సైడ్‌బోర్డ్ (గేముల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) కూడా ఉంది. కౌంటర్‌స్పెల్, బ్రెయిన్‌స్టార్మ్ లాంటివి ఎన్నో సెట్లలో ప్రింటయ్యాయి, పాత బోర్డర్ (కార్డు అంచు డిజైన్) మీద మోజు లేకపోతే చవక ప్రింటింగే తీసుకోండి. కండిషన్ కూడా లైట్లీ ప్లేడ్ (కాస్త వాడినవి) చాలు, ఎలాగూ స్లీవ్‌లోనే కదా ఉండేది. ఒక సెల్లర్ 'నియర్ మింట్' (దాదాపు కొత్తది) అని పంపిన హైడ్రోబ్లాస్ట్ కార్డు మాత్రం అప్పడంలా వంగి ఉంది, ఫొటో పెడితే డబ్బు వాపసు ఇచ్చాడు.

అన్నట్టు, ఈ డెక్‌లో లోరియన్ రివీల్డ్ కూడా నాలుగు కావాలి. అదీ ఆ రింగ్ వచ్చిన సెట్‌దే, కామన్. నాలుగూ కలిపి 5 డాలర్లు.

మార్చి. మంగళవారాలు బాగానే నడిచాయి, మూడు రౌండ్లు, ఎంట్రీ 5 డాలర్లు. అమ్మ ఫోన్ చేసినప్పుడు "ఇంకా షాపులోనే ఉన్నా, కార్డులు ఆడుతున్నా" అన్నాను, ఆవిడ పేకాట అనుకుని రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. రెండో డెక్‌గా ఎరుపు కట్టాను, లైట్నింగ్ బోల్ట్‌లు ముందే ఉన్నాయి కాబట్టి 28 డాలర్లలో అయిపోయింది. సరిగ్గా నెలాఖరున, మార్చి 31న, పాపర్‌లో కుల్డోతా రీబర్త్ అనే కార్డు బ్యాన్. నా ఎరుపు డెక్‌కి వెన్నెముక అదే. రింగ్ గుర్తొచ్చి ఒక్క నిమిషం కడుపులో తిప్పింది, తర్వాత పాత రసీదు తీసి చూస్తే నాలుగూ కలిపి మూడు డాలర్లు. వాటి బదులు డబ్బాలో పడున్న ఎర్ర కార్డులే పెట్టి ఆ మంగళవారమే ఆడాను (మూడూ ఓడిపోయాను, అది వేరే సంగతి).

ఏప్రిల్. 11 వారాలు, 33 మ్యాచ్‌లు, 18 గెలుపులు, 14 ఓటములు, ఒక డ్రా. ఖర్చు: డెక్‌లు 89, రెండు స్లీవ్ ప్యాకెట్లు 24, ఎంట్రీలు 55, మొత్తం 168. ప్రైజుగా వచ్చిన స్టోర్ క్రెడిట్ 38, దాన్ని ఎంట్రీలకే వాడాను. అంటే 150లో ఇంకా 20 మిగిలుంది.

పాపర్‌లో మోడర్న్ ఆడినంత సరదా ఉందా అంటే లేదు. ట్రాన్ డెక్‌కి ప్రాణమైన మూడు ల్యాండ్‌లూ మూడో టర్న్‌కి పడినప్పుడుండే కిక్ ఇందులో లేదు. స్టాండర్డ్‌కి (ఇటీవలి సెట్ల కార్డులతోనే ఆడే ఫార్మాట్‌కి) వెళ్ళమని షాపులో ఒకాయన సలహా ఇచ్చాడు గానీ, 2025లో ఆరు సెట్లు దాంట్లోకి వస్తాయని ప్రకటించారు, జూన్‌లో ఫైనల్ ఫాంటసీతో సహా. రెండు నెలలకోసారి అద్దె కట్టినట్టే.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఇదే బ్లూ డెక్ అడుగుతున్నాడు, వాడు అక్కణ్ణుంచి తెప్పించుకుంటే షిప్పింగే డెక్ ధర దాటేలా ఉంది. ఆగస్టులో వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పట్టుకెళ్తాను. మిగిలిన 20 డాలర్లు దానికే, సైడ్‌బోర్డ్ మాత్రం వాడే చూసుకోవాలి.